పార్ట్ నంబరుకి డబ్బులు తీసుకోండి

మా బావకి ఒక పాత సెడాన్ ఉంది. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు దాని వాటర్ పంపు కథ చెప్పాడు. షోరూం పార్ట్స్ కౌంటర్‌కి వెళ్లాడట. అక్కడున్నాయన్ని మాటల్లో పెట్టి, ఛాసిస్ నంబరిచ్చి, కంప్యూటర్లో బొమ్మలు తీయించి, పంపు నంబరు, గాస్కెట్ నంబరు, పనిలో పనిగా మార్చాల్సిన బోల్టుల నంబర్లు కూడా కాగితం మీద రాయించుకున్నాడట. "డబ్బులు పట్టుకొస్తానండి" అని బయటపడి, తిన్నగా ఆటోనగర్ వెళ్లి, ఆ కాగితం చూపించి తక్కువకి కొనుక్కొచ్చాడట. విన్నవాళ్లంతా "నువ్వు మామూలోడివి కాదు" అన్నారు.

"మరి నంబర్లు తీసిచ్చినాయనకి ఏమిచ్చావు బావా?" అని అడిగాను.

"నంబరుకి డబ్బులేంటి? అది కంప్యూటర్లో ఉంటుందిగా," అన్నాడు.

ఆ రోజు మాట అక్కడితో ఆగిపోయింది కానీ నాకు మాత్రం ఆగలేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. షోరూం పార్ట్స్ కౌంటర్లు నంబరు వెతికిపెట్టినందుకు డబ్బులు తీసుకోవాలి. చాటుమాటుగా కాదు, బోర్డు పెట్టి, రసీదు ఇచ్చి తీసుకోవాలి. నాలాంటి పాత కారు వాళ్లు అది నోరుమూసుకుని కట్టాలి. "ఇప్పటికే బిల్లులు చూసి కళ్లు తిరుగుతున్నాయి, ఇంకా ఇదొకటా" అని మీకు అనిపిస్తుందని తెలుసు. అందుకే కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

నాది రెండు సీట్ల జర్మన్ కారు, 2009 మోడల్. టాపు మడత పడి డిక్కీలోకి వెళ్లిపోతుంది. హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే మాట ఆ కంపెనీ మీదకి పోతుంది, నేను చెప్పేది ఏ కంపెనీ కౌంటర్‌కైనా సరిపోతుంది. పాలకొల్లు చుట్టుపక్కల దీన్ని చూసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "మైలేజీ ఎంతిస్తుందండి?", రెండోది "వెనక సీట్లు ఏవండీ?" రెండింటికీ నా దగ్గర మంచి జవాబు లేదు. దీని షోరూం వంద కిలోమీటర్ల పైమాటే.

ఇంజను ఇప్పటిదాకా నన్ను ఇబ్బంది పెట్టలేదు. వచ్చిన తంటాలన్నీ రబ్బరుతో, ప్లాస్టిక్‌తో, వైర్ల కనెక్టర్లతో. ఒకవైపు అంతర్వేది గాలి, ఇంకోవైపు ఉప్పునీటి చెరువులు, ఏడాదిలో ఎక్కువ నెలలు చెమ్మ. రబ్బరు బీడింగులు ఎండకి పగులుతాయి, కనెక్టర్ల పిన్నులు పచ్చగా పట్టుకుపోతాయి. షోరూం కౌంటర్లో ఎప్పుడూ స్టాకుండేవి బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లు, వైపర్లు. నాకు కావాల్సింది వాటిలో ఒక్కటీ ఉండదు.

గాజు కిటికీ అవతల

షోరూంకి ముందువైపు వేరు, వెనకవైపు వేరు. ముందువైపు ఏసీ, కాఫీ, సోఫాలు, "రండి సార్". పార్ట్స్ కౌంటర్ మాత్రం వర్క్‌షాపు పక్కన, ఒక గాజు కిటికీ అవతల, రెండు పాత కుర్చీలతో ఉంటుంది. మనలాంటివాళ్లకి పని ఉన్నది అక్కడే. కారు షోరూంలో సర్వీసుకివ్వకుండా పార్టు మాత్రమే కావాలని వెళితే, సర్వీస్ అడ్వైజర్ మన వంక చూసే చూపు కూడా మారుతుంది.

కిటికీలోంచి వచ్చే మొదటి మాట "ఛాసిస్ నంబరు చెప్పండి". మోడలూ, సంవత్సరమూ చెబితే చాలదు. ఒకే ఏడాది తయారైన రెండు కార్లకి రెండు సైజుల బ్రేక్ డిస్కులు ఉండొచ్చు. ఏడాది మధ్యలో ఒక రోజు నుంచి ఒక సెన్సార్ మారిపోవచ్చు. మన ఆర్సీలో రిజిస్ట్రేషన్ తేదీ, తయారైన నెల, సంవత్సరం ఉంటాయి గానీ కారు ఫ్యాక్టరీలోంచి ఏ రోజు బయటికొచ్చిందో ఉండదు. అందుకే పదిహేడు అక్షరాల నంబరు మొత్తం కావాలి. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలోనైతే డిక్కీలో ఒక స్టిక్కరు మీద మూడేసి అక్షరాల కోడులు వరసగా ఉంటాయి. ఆ కారుకి ఏ బ్రేకులు, ఏ సస్పెన్షన్ వేశారన్నది వాటిని బట్టి తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్ కార్లలో ఆ స్టిక్కరు ఊడిపోయి ఉంటే ఛాసిస్ నంబరుతో వెతకడం తప్ప దారి లేదు.

నంబరు కొట్టగానే స్క్రీన్ మీద విడగొట్టిన బొమ్మ వస్తుంది. ప్రతి ముక్కకీ ఒక అంకె, ఆ అంకెకి ఒక పార్ట్ నంబరు. ఈ నంబర్లు ఊరికే వేసినవి కావు, చదవడం వచ్చినవాడికి చాలా చెబుతాయి. మెర్సిడెస్ నంబరులో 'ఎ' తర్వాత వచ్చే మూడంకెలు ఆ ముక్క ఏ మోడల్‌దో, ఏ ఇంజనుదో చూపిస్తాయి. 171 అంటే ఎస్ఎల్‌కె రెండో తరం. బీఎండబ్ల్యూది పదకొండు అంకెల నంబరు, మొదటి రెండూ గ్రూపు: 11 అయితే ఇంజను, 34 అయితే బ్రేకులు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపులో మొదటి మూడూ చూడాలి. రెండో తరం ఆడి టీటీ, అంటే 2006 నుంచి 2014 వరకు వచ్చింది, దాని సొంత ముక్కలు '8జె0'తో మొదలవుతాయి. కానీ కారు కింద పడుకుని చూస్తే చాలా ముక్కల మీద '1కె0' అని ఉంటుంది. అది ఐదో తరం గోల్ఫ్‌ది. అదే ప్లాట్‌ఫాం మీద, అంటే అదే అడుగు నిర్మాణం మీద, మన దగ్గర స్కోడా లారా అమ్మారు, ఫోక్స్‌వ్యాగన్ జెట్టా అమ్మారు. టీటీ ఉన్నవాడు లారా పార్టుల కొట్టుకి ధైర్యంగా వెళ్లొచ్చన్నమాట, ఏ ముక్కకి వెళ్లాలో తెలిస్తే. ఆ 'తెలిస్తే' దగ్గరే కౌంటర్ మనిషి కావాలి.

ఆయన బాగా పనిచేస్తే బిల్లు తగ్గుతుంది

నేను తరచూ వెళ్లే కౌంటర్లో ఒక పెద్దాయన ఉన్నారు. తణుకు వైపు మనిషి. ఫోనెత్తితే "ఆయ్, చెప్పండి" అంటారు. టాపు మడతపడే చోట నీళ్లు కిందికి పోయే రబ్బరు గొట్టం ఒకటి చిరిగి, వానపడితే సీటు కింద నీళ్లు నిలిచేవి. ఆయన బొమ్మ తీశారు. ఆ గొట్టానికి విడిగా నంబరు లేదు. మొత్తం ఫ్రేముతో కలిపి అసెంబ్లీగా ఉంది. ధర చూసి ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. "రాదు సార్, అసెంబ్లీయే" అని చెప్పి ఆయన టీకి వెళ్లిపోవచ్చు. అలా చేసినా తప్పు పట్టేవాడు లేడు. ఆయన మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుని, అదే కంపెనీ పెద్ద సెడాన్ కేటలాగు తెరిచారు. దాని సన్‌రూఫ్ బొమ్మలో అలాంటి గొట్టమే కనిపించింది. దానికి విడిగా నంబరుంది. ఆ నంబరు ఇంకా ఏయే మోడళ్లలో వాడారో తిరగేసి చూశారు. వాటిలో ఒకటి మన దేశంలో బాగా అమ్ముడుపోయిన కారు. వేరే ఊరి డీలరు దగ్గర స్టాకు కూడా ఉంది. "లావు ఒకటేనండి, పొడుగు ఎక్కువ. మీ మేస్త్రి కోసుకుంటాడు," అన్నారు. మొత్తం బిల్లు మూడొందలు దాటలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ అసెంబ్లీ అమ్మితే షోరూంకి వచ్చే లాభం ఎంతో, ఈ గొట్టంతో వచ్చింది ఎంతో. పనిమంతుడు దొరికితే నా బిల్లు వేలల్లోంచి వందల్లోకి పడిపోయింది. పని రానివాడు కూర్చుంటే షోరూంకే లాభం. ఇలాంటి ఏర్పాటులో ఏ యజమానైనా ఎలాంటి మనిషిని కౌంటర్లో పెట్టుకుంటాడు? పెట్టుకున్న మంచి మనిషిని ఎన్నాళ్లు ఉంచుకుంటాడు? పార్ట్స్ కౌంటర్ల మీద మనం చెప్పుకునే బాధలన్నిటికీ వేరు ఇక్కడ ఉందని నా అనుమానం. కౌంటర్‌కి ఆదాయం సామాను అమ్మితేనే వస్తుంది. పాత కారు వాడికి అక్కడ దొరికే విలువైన సరుకేమో సామాను కాదు, ఆ ముసలాయన బుర్ర. దానికి ధర లేదు కాబట్టి దాన్ని ఎవరూ పెంచి పోషించరు.

ఇంకో ఊళ్లో ఇంకో కౌంటర్ అనుభవం కూడా చెప్పాలి. కుర్రాడు మర్యాదగానే ఎస్టిమేట్ ఇచ్చాడు. అందులో పేర్లున్నాయి, ధరలున్నాయి, పార్ట్ నంబర్ల గడి మాత్రం ఖాళీ. అడిగితే "నంబరు ఇవ్వకూడదు సార్, మా మేనేజర్ ఒప్పుకోడు," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కిటికీ దగ్గరే గట్టిగా రెండు మాటలు అనేసి వచ్చాను కూడా. సంక్రాంతికి బావ కథ విన్నాక మాత్రం ఆ మేనేజర్ ఎందుకలా చేశాడో అర్థమైంది. నంబరు ఒక్కసారి బయటికి పోతే అమ్మకం పోయినట్టే. తాళం వేయడం, లేదా ఊరికే పంచిపెట్టడం, ఈ రెండే తెలుసు వాళ్లకి. మూడోది, అమ్మడం. అది ఎవరికీ తట్టలేదు.

నా కౌంటర్ ఇవతల నేను

ఈ విషయంలో నాకింత పట్టింపు ఎందుకంటే నేను కూడా కౌంటర్ వెనక కూర్చునేవాడినే. నాది చేపల, రొయ్యల చెరువుల రైతులకి సరుకులిచ్చే ఆక్వా షాపు. మేత, మినరల్స్, ప్రోబయోటిక్స్ అమ్ముతాను. రైతులు పొద్దున్నే సీసాల్లో చెరువు నీళ్లు పట్టుకొస్తారు. పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా, సెలినిటీ చూసి చెబుతాం. ఊరికే చెబుతాం. ఇక్కడ అన్ని షాపుల్లోనూ అంతే. "ఆల్కలినిటీ తక్కువుంది, ఫలానాది ఎకరానికి ఇంత వెయ్యండి" అనగానే కొందరు చీటీ రాయించుకుని జేబులో పెట్టుకుంటారు. ఆ చీటీ ఎటు పోతుందో నాకు తెలుసు. రెండు వీధుల అవతల అప్పు మీద ఇచ్చే కొట్టుకి.

నాకు కోపం ఉండదని కాదు. కానీ రోజూ చూసేది కాబట్టి ఒకటి గమనించాను. టెస్టు ఊరికే చేస్తున్నంత కాలం దాన్ని ఇంకా బాగా చేయాలని ఏ షాపు వాడికీ బుద్ధి పుట్టదు. ఖర్చే కదా. పాత కిట్లు వాడతారు, రంగు చూసి అంచనాగా చెప్పేస్తారు. చివరికి ఊరికే వచ్చిన సలహా రైతుకి ఖరీదుగానే తగులుతుంది. అమ్మాల్సిన డబ్బాకి సరిపోయే జబ్బు చెప్పే షాపులూ ఉన్నాయి. పేర్లెందుకు గానీ ఉన్నాయి. సలహాకి డబ్బు తీసుకోనివాడు సలహాని సరుకు వైపు వంచుతాడు. కార్ల కౌంటర్లో "అసెంబ్లీయే సార్" అన్న మాటకీ, మా దగ్గర "ఈ డబ్బా కూడా వెయ్యండి" అన్న మాటకీ తేడా లేదు.

ఇది చెబితే బావ ఊరుకుంటాడా? "మరి నువ్వు నీటి టెస్టుకి వంద రూపాయలు పెట్టు చూద్దాం," అన్నాడు. పెట్టలేదు. పెట్టే ధైర్యం లేదు. నేనొక్కడినే పెడితే సీసాలన్నీ పక్క షాపుకి పోతాయి. అందరూ కలిసి పెట్టుకుంటేనే నిలుస్తుంది, అందరూ కలవడం ఈ వ్యాపారంలో జరగని పని. కానీ షోరూంల పరిస్థితి వేరు. నా కారు లాంటివాటికి ఒక ప్రాంతంలో మామూలుగా ఒకడే డీలరు. పక్క వీధిలో పోటీ లేదు. నేను చేయలేనిది వాళ్లు రేపు పొద్దున్న చేయగలరు.

"అది మన హక్కు కదా" అన్నవాళ్లకి

దీని మీద వచ్చే గట్టి వాదన ఇది: కారు కొన్నప్పుడే డబ్బంతా కట్టాం, ఏ ముక్కకి ఏ నంబరో తెలుసుకోవడం యజమాని హక్కు, దానికి మళ్లీ రుసుమేంటి? ఈ మాటని తేలిగ్గా తీసేయలేను. విడిభాగాలనూ రిపేరు సమాచారాన్నీ బయటి మెకానిక్కులకి అందకుండా కట్టడి చేస్తున్నారని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి, అది వేరే సంగతి. 2022 డిసెంబరులో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. అందులో మోటారు వాహనాలూ ఉన్నాయి. కేటలాగు తెరిచి పెట్టాలి అన్నదాంట్లో నేను పూర్తిగా వాళ్లవైపే. పాలకొల్లులో మా మేస్త్రి తన ఫోన్లో ఆ బొమ్మ చూసుకోగలగాలి. ఎస్టిమేట్‌లో నంబరు గడి ఖాళీగా ఉంచడం తప్పే.

కానీ కేటలాగు వేరు, అందులో వెతకడం వేరు. బొమ్మలు ఇంటర్నెట్‌లో ఇప్పటికే దొరుకుతున్నాయి. రాత్రుళ్లు కూర్చుని నేనూ చూస్తాను. నా గొట్టం అందులో నాకెందుకు దొరకలేదు? నా కారు బొమ్మల్లోనే వెతికాను కాబట్టి. వేరే కారు సన్‌రూఫ్ బొమ్మ తెరవాలన్న ఆలోచన రావాలంటే ఎన్నో ఏళ్లు ఆ కుర్చీలో కూర్చుని ఉండాలి. పైగా నంబర్లు మారుతూ ఉంటాయి. పాత నంబరు రద్దయి కొత్తది వస్తుంది, చివరి అక్షరం 'ఎ' పోయి 'సి' వస్తుంది. కొన్నిసార్లు కొత్త ముక్క పాత దాని చోట నేరుగా కూర్చుంటుంది, కొన్నిసార్లు పక్కనున్న బ్రాకెట్ కూడా మార్చాలి. ఇంటర్నెట్‌లో దొరికిన నంబరు ఇండియాలో ఆర్డరుకి వస్తుందా, జర్మనీలోనే ఆపేశారా అన్నది డీలరు కంప్యూటర్‌కే తెలుస్తుంది. ఎలక్ట్రికల్ సామాను వెనక్కి తీసుకోరు, ప్రత్యేకంగా తెప్పించినదీ తీసుకోరు, మొత్తం అడ్వాన్సు ముందే కట్టాలి. అలాంటప్పుడు తప్పు నంబరు ఖరీదు ఎంతో మీరే లెక్కేసుకోండి. ఈ పనంతా హక్కు కింద ఊరికే చేయాలని అడగడం నాకు సబబుగా లేదు.

రుసుం ఎంతుండాలి? ఒక ఐదొందలు అనుకుందాం. అక్కడే కొంటే బిల్లులో తగ్గించేయాలి. బయట కొనుక్కుంటే నంబర్లు, వాటి పాత నంబర్లు, ఇంకా ఏయే మోడళ్లకి సరిపోతాయో అన్నీ ప్రింటు తీసి ఇవ్వాలి. అప్పుడు మా బావ కూడా అబద్ధమాడకుండా ఆటోనగర్ వెళ్లొచ్చు.

నాకున్న భయం వేరే. ఐదొందలు తీసుకుని రెండు నిమిషాల్లో "రాదు సార్" అని పంపేస్తే? అదే జరుగుతుందని మా మేస్త్రి ఢంకా బజాయించి చెబుతున్నాడు. "డబ్బు తీసుకునే అలవాటు ముందొస్తుంది, పని చేసే అలవాటు తర్వాత కూడా రాదండి," అంటాడు. కావచ్చు. కానీ డబ్బు కట్టిన రసీదు చేతిలో ఉంటే కనీసం "ఏం వెతికారో చూపించండి" అని అడిగే నోరుంటుంది. ఇప్పుడు అదీ లేదు. ఊరికే చేయించుకునేవాడు గట్టిగా అడగలేడు.

కౌంటర్ అవసరం లేనివి

ప్రతి దానికీ షోరూంకే పోవాలని నేను అనడం లేదు. డెల్టాలో పాత కారు నడపడానికి ఒక పెద్ద సౌకర్యం ఉంది, అది మా చెరువులే. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల మోటార్లకి, గేర్ బాక్సులకి, ట్రాక్టర్లకి, రైసు మిల్లులకి బేరింగులూ ఆయిల్ సీళ్లూ అమ్మే కొట్లు భీమవరంలో బోలెడు. వీటికి కంపెనీ పేరుతో పనిలేదు. 6203 బేరింగంటే ప్రపంచంలో ఎక్కడైనా లోపల 17 మిల్లీమీటర్లు, బయట 40, మందం 12. ఆయిల్ సీలుకీ అంతే, మూడు కొలతలు చెబితే చాలు. నా కారు బెల్టు తిరిగే పుల్లీ ఒకటి కూతపెడితే షోరూంలో పుల్లీ మొత్తం అన్నారు. మా మేస్త్రి లోపలి బేరింగ్ కొట్టి బయటికి తీశాడు, దాని మీద 6203 అని శుభ్రంగా రాసుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. నంబరు ఒకటే అయినా వెనకున్న అక్షరాలు చూడాలి. ఇంజను పక్కన వేడికి తిరిగే బేరింగ్‌లో లోపల సందు కాస్త ఎక్కువుండాలి, దాన్ని 'సి3' అంటారు. రెండువైపులా రబ్బరు సీలుండాలి. చెరువు గట్టు మీద గాలికి చల్లగా తిరిగే మోటారుకి పనికొచ్చిందని బానెట్ కింద పెడితే ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ జోలికి మాత్రం ఈ కొట్లతో పోను. అవి షోరూం కౌంటర్లోనే, చెప్పిన ధరకే.

'జెన్యూన్' అన్న మాట మీద కూడా నాకు కొంచెం అనుమానముంది. కార్ల కంపెనీలు చాలా ముక్కలు సొంతంగా చేయవు. సస్పెన్షన్ ఆర్ములు లెమ్‌ఫోర్డర్ చేస్తుంది, క్లచ్చులు సాక్స్ చేస్తుంది, సెన్సార్లు బాష్ చేస్తుంది. అదే ముక్క వాళ్ల సొంత డబ్బాలో బయట దొరుకుతుంది. ఒక్కోసారి కారు కంపెనీ గుర్తుని గీకేసిన మచ్చ కూడా కనిపిస్తుంది. రబ్బరు విషయంలో ఇంకో సంగతి. దిగుమతి చేసిన డబ్బా మీద ఎంఆర్‌పీ స్టిక్కరుంటుంది, అందులో నెల, సంవత్సరం కూడా ఉంటాయి. చాలామంది ధర చూసి వదిలేస్తారు, తేదీ చూడరు. పాత కారు పార్టు గోడౌన్‌లో ఏళ్ల తరబడి కూర్చుని ఉండొచ్చు. రబ్బరు డబ్బాలో ఉన్నా ముసలిదవుతుంది. అలాంటి జెన్యూన్ బుష్ కన్నా నిన్నగాక మొన్న తయారైన బయటి కంపెనీ బుష్ నయం.

జపాన్‌లో ఈ గొడవని వేరే రకంగా తీరుస్తున్నారు. నిస్సాన్ 2017లో పాత స్కైలైన్ జీటీ-ఆర్‌కి, టయోటా 2020లో పాత సుప్రాకి ఆపేసిన పార్టులు మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టాయి. చదువుకోవడానికి బాగుంటుంది. పేరు మోసిన కార్లకి జరిగే మర్యాద అది. పదిహేను, పదహారేళ్ల కారు కొత్తదీ కాదు, పురావస్తువూ కాదు. దానికి ఎవరూ ప్రత్యేకంగా ఏదీ తయారుచేయరు. ఉన్న గోడౌన్లలో ఎక్కడుందో వెతికేవాడే దిక్కు.

నాలాంటి పాత కారు వాళ్లకి వచ్చిన ఒక మంచి వార్త కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. బావ ఆ రోజే ఫోన్ చేశాడు, షోరూంలో ధరలు తగ్గాయా అని. ఆయన ఇంకా ఆటోనగర్‌తో పోల్చి చూసుకుంటున్నాడు.

పెద్దాయన ఏమన్నారంటే

ఇదంతా రాసే ముందు తణుకు పెద్దాయన్నే అడుగుదామనిపించింది. డోర్ బీడింగుల నంబర్లు వెతుకుతున్నప్పుడు మెల్లగా కదిపాను. "మీరు వెతికినందుకు ఐదొందలు తీసుకునేలా పెడితే ఎలా ఉంటుందండి?"

ఆయన స్క్రీన్ మీంచి తల తిప్పలేదు. "అది నాకిస్తారా, కంపెనీ తీసుకుంటుందా?" అన్నారు.

"కంపెనీయే తీసుకుంటుంది లెండి. కానీ మీ పనికి విలువుందని వాళ్లకి తెలుస్తుంది కదా."

"తెలిస్తే రోజుకి ఇన్ని వెతకాలని టార్గెట్ పెడతారండి. అప్పుడు మీ కారుకి ఇంతసేపు కూర్చోలేను. పది నిమిషాల్లో లేపేయాలి," అన్నారు. కాసేపాగి, "ఎడమ తలుపుది వస్తుంది, కుడిది ఆపేశారు" అని చెప్పారు.

టార్గెట్ సంగతి నేను ఆలోచించలేదు. దానికి ఇప్పటికీ గట్టి జవాబు లేదు. రుసుం వసూలైనదాంట్లో కౌంటర్ మనిషికి వాటా ఉండాలని ఒక షరతు కలిపితే కొంత సరిపోతుందేమో, లేక రుసుం గంటల లెక్కన ఉండాలేమో. కంపెనీలు ఏది ఎంచుకున్నా, ఏదీ ఎంచుకోకపోయినా, ఈలోపు నా లెక్క నేను చూసుకోవాలి కదా. ఇంజను ఆయిలు, కూలెంటు, ఫిల్టర్లు బయట తక్కువకి దొరుకుతాయని తెలిసీ ఆయన కౌంటర్లోనే కొంటున్నాను. అవి ఆయన నెల అమ్మకాల్లో కలుస్తాయట. కుడి తలుపు బీడింగుకి ఇంకో మోడల్‌ది పనికొస్తుందేమో చూస్తానన్నారు. నెలాఖరులోపు రమ్మన్నారు, వచ్చేటప్పుడు పాత బీడింగు కోసి ఒక ముక్క పట్టుకురమ్మన్నారు.